జయరాజు మాస్టారి రెండు సైలెన్సర్ల బండి

2022 ఆగస్టు. తెనాలిలోని ఒక మోటార్ సైకిళ్ల షోరూములో ఎక్స్ఛేంజ్ కౌంటరు చూడటం మొదలుపెట్టి అప్పటికి నాకు ఆరేళ్లయింది. పాత బండి ఇచ్చి కొత్తది తీసుకునేవాళ్లు ముందు నా దగ్గరికి రావాలి. ఇంజను శబ్దం విని, ఛాసిస్ నంబరు కాగితాలతో సరిచూసి, ఫ్రేముకు ఎక్కడైనా వెల్డింగ్ పడిందేమో వెతికి, ఆ బండికి ఎంత విలువ కట్టవచ్చో రాసివ్వడం నా పని. దీన్ని ఇవాల్యుయేషన్ అంటారు. ఆడపిల్ల బండి చూడటమేంటని మొదట్లో కొందరు మొహం చిట్లించేవారు. మా నాన్న తెనాలిలోనే నలభై ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపాడు. బడి నుంచి రాగానే ఆయనకు స్పానర్లు అందిస్తూ పెరిగాను. డిప్లొమా కంటే ఆ చదువే నాకు ఎక్కువ అక్కరకొచ్చింది.

ఒక బుధవారం పదకొండింటప్పుడు బాపట్ల నుంచి జయరాజు మాస్టారు వచ్చారు. యాభై దాటిన మనిషి, హైస్కూల్లో లెక్కలు చెబుతారు. ఆయన తెచ్చింది ఎనభైల నాటి టూ-స్ట్రోక్ బండి. వెనక అటొకటి ఇటొకటి పొడుగాటి సైలెన్సర్లు. కిక్కు కొట్టే రాడ్డునే ముందుకు తిప్పితే గేరు రాడ్డయ్యే రకం. ఆ శబ్దం వినగానే సర్వీసులో పనిచేసేవాళ్లు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. ట్యాంకు మీద ముదురు ఎరుపు రంగు మోకాళ్లు ఒరుసుకున్నచోట మాత్రమే వెలిసింది. ఇలాంటి బండిని ఇంత శ్రద్ధగా ఉంచుకున్నవాళ్లు సాధారణంగా అమ్మరు. అమ్మాలనుకున్నా నాలుగైదుసార్లు వచ్చి వెనక్కిపోతారు.

సేల్స్‌లో ఉండే మురళి ఆయనకు కొత్త బళ్లు చూపిస్తూ ఏది ఎంత వేగం పోతుందో, ఎంత పికప్పుందో చెప్పుకుంటూ వెళ్లాడు. మాస్టారు చివరిదాకా విన్నారు.

"అదంతా సరేగాని బాబూ, గట్టిగా బ్రేకు పడితే ఏది పడిపోకుండా ఆగుతుంది?"

మైలేజీ అడిగేవాళ్లే తప్ప ఇలా అడిగినవాళ్లు లేరు. మురళి నా వైపు చూశాడు. నేను వెళ్లి ఏబీఎస్ గురించి చెప్పాను. బ్రేకు ఎంత గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా, బండి జారకుండా చూసే ఏర్పాటది. చిన్న బళ్లలో ముందు చక్రానికే ఉంటుంది. రెండు చక్రాలకూ ఉన్నది మా దగ్గర నాలుగు వందల సీసీ బండి ఒక్కటే. ఆయన తెచ్చినదానికి రెట్టింపు పైగా బలమైన ఇంజను.

"ఇంత బలం నాకెందుకమ్మా, నేను నలభై దాటి నడపను. అయినా రెండు చక్రాలకీ ఉండేది దీనికేగా. ఇదే ఇప్పించండి."

కాగితాలు తీసుకుని చూస్తే ఆర్.సి. ప్రభుదాసు అనే ఆయన పేరు మీద ఉంది.

"మా అన్నయ్యండి. నాలుగేళ్లయింది పోయి."

యజమాని చనిపోతే బండి ముందు వారసుల పేరుకు మారాలి. ఫారం 31 అని ఒకటుంటుంది. దానికి డెత్ సర్టిఫికెట్టు జతచేయాలి, భార్య సంతకం ఉండాలి. ఆ మాట చెప్పగానే మాస్టారు కుర్చీలో కూర్చుండిపోయారు. మంచినీళ్లు ఇప్పించాను. తాగి ఆయనే చెప్పడం మొదలుపెట్టారు.

ప్రభుదాసుగారు కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్న బండి అది. తమ్ముడికి దానిమీదే సూర్యలంక రోడ్డులో నడపడం నేర్పించారు. తమ్ముణ్ణి బి.ఇడి. పరీక్షలకూ పెళ్లిచూపులకూ ఆ బండిమీదే తీసుకెళ్లారు. నాలుగేళ్ల కిందట ఒకరోజు అన్నదమ్ములిద్దరూ రేపల్లెలో బంధువుల్ని చూడటానికి బయల్దేరారు. మోకాలు నొప్పిగా ఉందని అన్నయ్య బండి తమ్ముడికిచ్చి వెనక కూర్చున్నారు. చెరుకుపల్లి దాటాక ఒక గేదె రోడ్డుకు అడ్డమొచ్చింది. మాస్టారు బ్రేకు తొక్కారు. బండి వెనక చక్రం పక్కకు విసిరేసినట్టు జారింది. మాస్టారికి మోచేయి విరిగింది. అన్నయ్య తల రాయికి తగిలింది. ఆసుపత్రిలో రెండు రోజులు బతికారు.

"పోలీసులొస్తే అన్నయ్య చెప్పాడమ్మా, గేదె అడ్డమొచ్చింది, మా తమ్ముడి తప్పేం లేదని. నన్ను తప్పించడానికి అలా చెప్పి పోయాడు. నా తప్పు నాకు తెలుసు. అంత గట్టిగా తొక్కకూడదు."

వదిన ఎస్తేరుగారు అప్పటి నుంచి ఆయనతో మాట్లాడటం మానేశారు. పిల్లలు లేరు. బాపట్ల ఇల్లు ఖాళీచేసి పుట్టిల్లయిన రేపల్లెకు వెళ్లిపోయి బట్టలు కుట్టుకుంటున్నారు. బండిని మాస్టారే తెచ్చుకుని బాగుచేయించి, ఆ రోజుదాకా బాపట్ల ఊళ్లో మాత్రమే నడిపేవారు. ఇప్పుడు రేపల్లె పక్క ఊరి హైస్కూలుకు ట్రాన్స్ఫర్ అయింది. ఆ ఊరికి బస్సు లేదు. రోజూ ఆ రోడ్డు మీదే, ఆ చోటు దాటుకుంటూ పోవాలి.

"ఈ బండి మీద ఆ రోడ్డెక్కలేనమ్మా. నా వల్ల కాదు."

సంతకం కోసం ఆదివారం రేపల్లె వెళ్దామనుకున్నాం. "నువ్వు కూడా రామ్మా. నేనొక్కణ్ణే పోతే తలుపు తీయదు," అన్నారు. సరేనన్నాను. ఆయన బండి మా షోరూము షెడ్డులో వదిలి బస్సులో వెళ్లడానికి సిద్ధమయ్యారు. బండి అప్పగించేముందు పక్కపెట్టెలు ఖాళీ చేయించడం మా పద్ధతి. తెరిస్తే ఖాకీ గుడ్డలో కట్టిన చిన్న మూట ఉంది.

"అవి పాత సామాన్లమ్మా. యాక్సిడెంటయ్యాక బాగుచేసినాయన మార్చినవన్నీ మూటగట్టి ఇచ్చాడు. నేను విప్పలేదు. పారేయడానికి చెయ్యి రాలేదు. ఇక నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

ఆయన వెళ్లాక మూట విప్పాను. వంగిన ఫుట్‌రెస్టు, పగిలిన లైటు గిన్నె, వాటి మధ్య జానెడు పైగా ఉన్న ఒక ఇనుప కమ్మి. దాన్ని టార్క్ ఆర్మ్ అంటారు. వెనక బ్రేకు తొక్కినప్పుడు బ్రేకు డ్రమ్ము మూత చక్రంతోపాటు తిరిగిపోకుండా పట్టి ఉంచేది అదే. దాని రెండు చివర్లా బోల్టులుంటాయి. నట్టు ఊడకుండా ఒక సన్నటి పిన్ను దూర్చి మడుస్తారు. నా చేతిలో ఉన్న కమ్మికి ఒక చివర పిన్ను లేదు. దాని బదులు కమ్మికి చుట్టి కట్టుతీగ మెలేసి ఉంది. ఆ చివరే బోల్టు కూడా లేదు. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది.

దాన్ని ఇంటికి పట్టుకెళ్లి నాన్నకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు.

"బ్రేకు తొక్కినప్పుడు బోల్టు జారిపోయిందే ఇది. మూత గిర్రున తిరిగి చక్రాన్ని పట్టేసి ఉంటుంది. అలా పట్టేస్తే నేనైనా పడాల్సిందే."

"పడ్డాక ఊడిందేమో నాన్నా?"

"పడ్డాక ఊడితే కమ్మి ఇలా మెలి తిరగదు. రంధ్రం సాగదు." కమ్మి నా చేతికిచ్చి అన్నాడు. "తీగ ఎవరు కట్టారో తెలియకుండా మాత్రం నోరు జారకు. ఆ మాస్టారే కట్టి ఉంటే?"

ఆ మాటతో ఆగిపోయాను. మర్నాడు మాస్టారు కాగితాల గురించి ఫోన్ చేసినప్పుడు చెబుదామనుకుని కూడా చెప్పలేదు. ఆదివారం కమ్మిని మాత్రం బ్యాగులో వేసుకున్నాను.

రేపల్లె ప్యాసింజరు దిగేసరికి మాస్టారు స్టేషను బయట నిలబడి ఉన్నారు. చర్చి నుంచి నేరుగా వచ్చారేమో, చేతిలో బైబిలుంది. ఎస్తేరుగారి ఇల్లు రెండు గదులు. ముందు గదిలో కుట్టుమిషను, దాని చుట్టూ జాకెట్టు గుడ్డలు. ఆమె నన్ను లోపలికి రమ్మన్నారు. వెనక మాస్టారిని చూసి మళ్లీ మిషను ముందు కూర్చున్నారు.

నేను పరిచయం చేసుకుని ఫారం ఇచ్చాను. ఆమె చదివి పక్కన పెట్టారు.

"కొత్త బండి కొంటున్నావా జయరాజూ?"

"ట్రాన్స్ఫరయింది వదినా. ఈ రోడ్డు మీదే…"

"ఆయన బండి ఇచ్చేసి, దానికంటే పెద్దది కొనుక్కుని, మా ఊరి మీదుగా తిరుగుతావు. నేను సంతకం పెట్టాలి." ఆమె గొంతు పెంచలేదు. "నేను పెట్టను. చచ్చిపోతూ కూడా ఆయన నిన్ను కాపాడాడు. అబద్ధమాడి కాపాడాడు. ఆ బండి నీ దగ్గరే ఉండాలి. నువ్వు చూస్తూనే ఉండాలి."

మాస్టారు తల వంచుకుని "సరే వదినా" అని లేచారు. నాకిక ఆగడం చేతకాలేదు. ఆయన్ని అడగకుండానే బ్యాగులోంచి కమ్మి తీసి మిషను బల్లమీద పెట్టాను.

"అమ్మా, నేను చూసింది చెబుతాను. ఆ రోజు ఏం జరిగిందో చూడలేదు కాబట్టి అది చెప్పలేను." అని మొదలుపెట్టి, నాన్న నాకు చెప్పింది వాళ్లిద్దరికీ చెప్పాను. ఎంత నెమ్మదిగా తొక్కినా ఏదో ఒకరోజు ఆ చక్రం పట్టేసేదేనని చెప్పాను. "మాస్టారూ, ఈ తీగ మీరు కట్టారా?"

"నాకు పంక్చరు వేయడం కూడా రాదమ్మా. ఆ బండి పనులన్నీ అన్నయ్యే చూసుకునేవాడు."

ఎస్తేరుగారు కమ్మి చేతిలోకి తీసుకున్నారు. కట్టుతీగ మెలికను బొటనవేలితో తడిమారు.

"ఇది నా చిక్కుడు పందిరి తీగ," అన్నారు.

మాస్టారు ఒకడుగు ముందుకొచ్చి తీగ వైపు చూశారు.

"ఆ రోజు పొద్దున పెరట్లోకొచ్చి కటింగ్ ప్లేయరుతో తెంపుకుపోయాడు. పందిరి ఒక పక్కకి ఒరిగిపోయిందని నేను తిట్టాను. చక్రం దగ్గరేదో ఊడింది, ప్రస్తుతానికి కట్టేస్తా, రేపు షాపులో చూపిస్తాలే అన్నాడు. నేనింకా తిడుతూనే ఉన్నా." ఆమె కమ్మిని ఒళ్లో పెట్టుకున్నారు. "ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని అదే మాట. వాడి తప్పు లేదు, వాడి తప్పు లేదు అని. తమ్ముడి మీద ప్రేమనుకున్నా. నిజం నాకు చెబుతున్నాడని అనుకోలేదు."

మాస్టారు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు. నాలుగేళ్లు మోసిన బరువు దిగితే మనిషి తేలికపడతాడని అనుకునేదాన్ని. ఆయన మోకాళ్లమీద మొహం పెట్టుకుని ఏడ్చారు.

ఎస్తేరుగారు అన్నారు. "నాలుగేళ్లుగా నీమీద కోపంతోనే లేచి, కోపంతోనే పడుకున్నా జయరాజూ. ఇప్పుడీ కోపం ఎవరిమీద పెట్టుకోను?"

"నామీదే ఉంచుకోండి వదినా," అన్నారు మాస్టారు. "అన్నయ్య మీదికి మాత్రం పోనివ్వకండి."

ఆమె సంతకం పెట్టలేదు. కమ్మి మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. మేం బయటికొచ్చి స్టేషను దాకా నడిచాం.

రెండు వారాల తర్వాత, ఒక శుక్రవారం ఉదయం, ఎస్తేరుగారు ఒక్కరే తెనాలి వచ్చారు. బండి చూపించమన్నారు. షెడ్డులోకి తీసుకెళ్తే ట్యాంకు వైపు చూడలేదు. "ఆ కమ్మి ఉండేది ఎక్కడమ్మాయ్?" అన్నారు. చూపించాను. ఆమె చీర కుచ్చిళ్లు మడిచి నేలమీద కూర్చుని, కొత్త కమ్మి చివర మడిచిన పిన్నును వేలితో తాకి చూశారు.

"ఇంతేనా? ఇంత చిన్నదేనా?"

"ఇంతేనమ్మా."

లోపలికొచ్చి మూడుచోట్ల సంతకం పెట్టారు. టీ తాగమంటే వద్దని, ట్రైనుకు టైమైందని వెళ్లిపోయారు.

కాగితాలన్నీ అయి కొత్త బండి ఇచ్చేసరికి దసరా సెలవులొచ్చాయి. పాతదాన్ని ఈపురుపాలెం నుంచి వచ్చిన ఒకాయన తీసుకున్నాడు. అలాంటి బళ్లను బాగుచేసి ఇంట్లో పెట్టుకోవడం ఆయనకు ఇష్టం. మాస్టారు దాన్ని వ్యానులోకి ఎక్కించేదాకా ఉండి, తాడు సరిగ్గా కట్టారో లేదో చూసి, ట్యాంకు మీద ఒకసారి చెయ్యి వేసి వెనక్కొచ్చారు. తర్వాత కొత్త బండిమీద ఖాళీ రోడ్డులో మూడుసార్లు గట్టిగా బ్రేకు తొక్కించాను. మూడుసార్లూ బండి నిటారుగా ఆగింది.

అప్పుడు క్షమాపణ అడిగాను. "ఆ కమ్మి సంగతి ముందు మీకొక్కరికే చెప్పాల్సింది మాస్టారూ. మీరు వద్దంటే వద్దని ఊరుకోవాల్సింది."

"ముందు నాకు చెప్పుంటే వదినకు చెప్పనిచ్చేవాణ్ణి కాదమ్మా," అన్నారాయన. "ఆమెకి అన్నయ్య మంచి జ్ఞాపకమే మిగలాలని నేనే మోసుకుపోయేవాణ్ణి. అది మంచిదయ్యేదో కాదో నాకు తెలియదు."

నవంబరులో ఒకసారి ఫోన్ చేశారు. ఆ శనివారం బడి వదిలాక వదిన ఇంటిముందు ఆగారట. "మాట్లాడలేదమ్మా. టీ ఇచ్చింది. తాగి వచ్చాను." అంతకుమించి నేనూ అడగలేదు.

బండిని చూసి ధర చెప్పగలిగితే పని వచ్చినట్టేనని ఆరేళ్లపాటు అనుకున్నాను. ఆ బండి తర్వాత అలా అనుకోవడం మానేశాను. విరిగిన ముక్క చేతికొస్తే ఇనుము చెప్పేదెంతో, నేను ఊహిస్తున్నదెంతో ముందు నాలో నేను వేరుచేసుకుంటాను. ఆ రోజు హ్యాండిల్ ఎవరి చేతిలో ఉందో అడుగుతాను. తెలిసింది తెలిసినట్టు, నాన్చకుండా ఆ మనిషికి చెబుతాను. ఆ బుధవారం నుంచి ఆదివారం దాకా నేను జాగ్రత్త పేరుతో నోరు మూసుకున్న నాలుగు రోజులూ మాస్టారు తానే అన్నను చంపానని అనుకుంటూ గడిపారు. తీగ ఎవరు కట్టారన్న ఒక్క ప్రశ్న ఆ రోజు ఫోనులోనే అడగగలిగేదాన్ని. అడగలేదు. ఆ బండి దగ్గర నేను నేర్చుకున్నది అదే.