కార్డు ఆమెదే

ఆ రోజు నిజం తెలిసి కూడా నేను నోరు విప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

భద్రాచలం వెళ్లే దారిలో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేసేవాణ్ణి. ఒక ఉదయం అడవి పల్లె నుంచి ముత్తమ్మ అనే ఆమె పురిటి నొప్పులతో వచ్చింది. ఆమె ఆరోగ్య కార్డు నంబరు కొట్టగానే, నిరుడు గర్భసంచి తీసేసినట్టు తెర మీద కనబడింది. ఎవరి కార్డో తెచ్చిందని నాకు అనుమానం వచ్చింది.

“ఈ కార్డు ఎవలిది? నిజం చెప్పు.”

“నాదే సారూ. నిరుడు జ్వరమొస్తే ఈడికే వచ్చిన.”

జ్వరం అనగానే వివరాలు తెరిచి చూశాను. ఆపరేషన్ ఎంట్రీ కింద నా పేరే ఉంది. సర్కారు నుంచి ఆపరేషన్ డబ్బులు రాబట్టడానికి మేనేజరు చెప్పాడని, జ్వరాలతో వచ్చినవాళ్ల కార్డుల మీద చేయని ఆపరేషన్లు రాసింది నేనే. అయినా, “ఫొటో గూడ తేడాగున్నది” అన్నాను. లైన్లో ఉన్న ఆమె ఊరివాళ్లు ఆమెను దొంగను చూసినట్టు చూశారు.

నర్సు మేరీ సిస్టర్ వచ్చి తెర చూసి, ముత్తమ్మ పొట్ట మీద చెయ్యి వేసింది.

“గర్భసంచి లేదంటున్నవ్. మరి ఈ బిడ్డ ఏడ కూసున్నడు, నీ కంప్యూటర్లనా?” అని ఆమెను లోపలికి తీసుకుపోయింది.

బిడ్డ క్షేమంగా పుట్టాడు. కానీ ఊళ్లో ముత్తమ్మకు దొంగ కార్డు మనిషి అనే పేరు మిగిలింది. మనిషి ఎదురుగా ఉన్నా, తెర మీద ఉన్నదే జనం నమ్ముతారు.

ఈ మధ్య తనిఖీకి వచ్చిన అధికారులకు ఆ తప్పుడు ఎంట్రీలన్నీ చూపించి, నేనే చేశానని రాసిచ్చాను. తర్వాత ఆమె పల్లెకు వెళ్లాను. ఇరుగుపొరుగు వింటుండగానే, “కార్డు నీదే ముత్తమ్మా. దొంగ రాత నాది. తప్పు చేసిన, మన్నించు” అన్నాను.