చాలంటే ఆగిపోయే చెయ్యి

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ రాజోలు దగ్గర గోదావరి రేవులో యాత్రికుల బస నడిపేది. నర్సాపురం వైపు నుంచి లాంచీలో ఏరు దాటి అంతర్వేది వెళ్ళేవాళ్ళు అక్కడ దిగి, స్నానం చేసి, భోంచేసి, కావాలంటే ఒక రాత్రి పడుకుని వెళ్ళేవారు. నాలుగు గదుల పెంకుటిల్లు, ముందు పొడుగాటి వసారా. ఆ వసారాలోనే అరిటాకులు వేసి పంక్తి భోజనాలు. బడి లేని రోజుల్లో ఆకులు తుడవడం, మంచినీళ్ళు పోయడం నా పని.

నేను చెప్పబోయేది ఏ సంవత్సరంలో జరిగిందన్న దాని మీద మా తమ్ముడికీ నాకూ ఇప్పటికీ పేచీయే. వాడు డెబ్బై మూడు అంటాడు. కాదు, డెబ్బై రెండు. అప్పుడు నేను ఏడో తరగతి. ఏడో తరగతి నేను ఒక్కసారే చదివాను. వాడు రెండుసార్లు చదివాడు కాబట్టి వాడి లెక్కలో ఒక ఏడు తేడా వస్తుంది.

ఆ ఏడు అంతర్వేది తీర్థం అయిపోయి రేవు పలచబడ్డాక, ఒకావిడ నా ఈడు కూతురితో మా ఊరు వచ్చింది. బర్మా నుంచి వచ్చేసిన కాందిశీకుల్లో మనిషి. తాతల ఊరు శ్రీకాకుళం వైపు. పుట్టిందీ పెళ్ళయిందీ రంగూన్‌లోనే. ఉన్నదంతా అక్కడే వదిలి ఓడెక్కారు. విశాఖ దగ్గర శిబిరంలో ఉండగా భర్త పోయాడు. ఆ తరువాత ఎక్కడ పని ఉందంటే అక్కడికి తిరిగి చివరికి మా వైపు వచ్చి కొబ్బరి పీచు పనిలో చేరింది. అలవాటు లేని చేతులు పుళ్ళుపడ్డాయి. మా వీధి పిల్లలం ఆవిడని రంగూనత్త అనేవాళ్ళం.

ఒకరోజు లాంచీ బల్ల మీద నుంచి దిగడానికి భయపడుతున్న ఒక ముసలాయన్ని రంగూనత్త మోచెయ్యి పట్టుకుని దింపింది. లాగకుండా, తొందరపెట్టకుండా, ఆయన అడుగుకి తన అడుగు కలిపి దింపింది. మా అమ్మమ్మ వసారాలోంచి అది చూసింది. పిలిచి అడిగితే, రంగూన్‌లో ఓడలు దిగినవాళ్ళకు భోజనం పెట్టే ఇంట్లో పనిచేశానని చెప్పింది. మర్నాటి నుంచి అమ్మమ్మ ఆవిడని మా బసలో వడ్డనకి పెట్టుకుంది.

ఇక్కడ కూడా పని నిలవకపోతే కూతుర్ని కాకినాడలో ఎవరింట్లోనో పనికి పెట్టేయాలని రంగూనత్త మా అమ్మమ్మతో చెబుతుండగా విన్నాను. ఆ పిల్ల అప్పుడే మా బడిలో చేరింది. నా పక్కనే కూర్చునేది. అందుకని రంగూనత్త ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నది నాకు కూడా గుండెల్లో గుబులే.

ఊడేటట్టే కనిపించింది. రంగూనత్త వడ్డించిన పంక్తి ఎప్పుడూ తొందరగా లేచిపోయేది. గిన్నెల్లో అన్నం మిగిలేది. రేవులో అరటిపళ్ళు అమ్మే ఆయన ఒకసారి మా అమ్మమ్మని ఆపి, “మీ బస చల్లగా ఉండాలండీ. మీ దగ్గర భోంచేసినోళ్ళంతా తిన్నగా నా దగ్గరికే వత్తున్నారు. గెలలు గెలలు ఖాళీ అయిపోతన్నాయండీ, ఆయ్!” అని నవ్వాడు. మా అమ్మమ్మ నవ్వలేదు. వంటాయన ఇదే సందని, “ఆవిడకి వడ్డన రాదండీ అమ్మగారూ. మన పరువు గోదాట్లో కలిపేత్తాది. పంపేయండి” అన్నాడు.

పంపే ముందు మా అమ్మమ్మ ఒక పని చేసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, యాత్రికులతోపాటు తానూ పంక్తి చివర ఆకు ముందు కూర్చుంది. రంగూనత్త అన్నం పెట్టింది. మా అమ్మమ్మ అలవాటు కొద్దీ “చాలమ్మా” అంది. రంగూనత్త చెయ్యి అక్కడే ఆగిపోయింది. పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది. పప్పు దగ్గరా అంతే, పెరుగు దగ్గరా అంతే. మా అమ్మమ్మ సగం కడుపుతో లేచి, చెయ్యి కడుక్కుంటూ పగలబడి నవ్వింది.

జబ్బు అర్థమైంది. మా వైపు మొదటిసారి చాలనడం మర్యాద. రెండోసారి చెయ్యి అడ్డం పెట్టడమూ మర్యాదే. మూడోసారి ఆకు మీదికి వంగిపోతేనే నిజంగా చాలని. ఈ సంగతి ఇక్కడ పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. రంగూనత్తకి ఎవరు చెబుతారు? ఆవిడ పనిచేసిన చోట దేశదేశాల వాళ్ళు తినేవారు. కావాలన్నవాడికి పెట్టడం, చాలన్నవాడికి ఆపడం, అంతే.

“చాలన్నాక వేస్తే ఆ మనిషి మాట తీసి పారేసినట్టు కాదా అమ్మగారూ?” అని అడిగింది రంగూనత్త.

“మా వాళ్ళకి వేయకపోతేనే తీసి పారేసినట్టమ్మా” అంది మా అమ్మమ్మ. బతిమాలి వడ్డించడం కూర్చోబెట్టి నేర్పింది. కానీ రంగూనత్తకి అది ఒంటబట్టలేదు. మర్నాడు ఆవిడ ఒకాయన ఆకు ముందు నిలబడి, “ఇంకొంచెం ఇంకొంచెం ఇంకొంచెం” అని బడిలో హాజరు పిలిచినట్టు ఒక్క గుక్కలో అనేసి, ఆయన నోరు తెరిచేలోపు వెళ్ళిపోయింది. వంటాయన గుమ్మం పట్టుకుని మరీ నవ్వాడు. ఆ సాయంత్రం మా అమ్మమ్మ రంగూనత్తని వడ్డన నుంచి తప్పించి కూరలు తరిగే పనికి మార్చింది. ఆ పనికి మా ఇంట్లో వేరే మనిషి అక్కర్లేదు. అది రంగూనత్తకీ తెలుసు. ఆవిడ కూతురు మర్నాడు బడిలో, లెక్కలు చేసుకోమని నేనిచ్చిన నా పాత పలక నాకు తిరిగి ఇచ్చేసింది. ఎందుకే అంటే, వెళ్ళిపోయేటప్పుడు మరిచిపోతానేమోనని అంది.

ఆ వారమే ఉత్తరాది యాత్రికులు వచ్చారు. కాశీ అవతల నుంచి రామేశ్వరం వెళుతూ, బస్సు నర్సాపురంలో వదిలి లాంచీ మీద దాటారు. అందరూ పెద్దవాళ్ళే. వసారా నిండిపోయింది. వంటాయన స్వయంగా వడ్డనకి దిగాడు. వాళ్ళు హిందీలో చాలని “బస్, బస్” అంటున్నారు. “సిగ్గుపడతన్నారండీ పాపం, దూరం నుంచి వచ్చేరు” అంటూ ఆయన వేస్తూనే ఉన్నాడు. చేతులు అడ్డం పెట్టారు. మర్యాద అనుకుని చేతుల మీంచే పప్పు పోశాడు. అన్నం పారేయడం పాపమనుకునే ఒక ముసలావిడ, వేసిందల్లా తినలేక, వదలలేక, కుక్కుకుంటోంది. కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. మేము పెట్టే కారానికి కొంత, మా మర్యాదకి కొంత.

మా అమ్మమ్మ ఒక్క క్షణం అలా చూసింది. తరువాత లోపలికి వచ్చి, కత్తిపీట ముందున్న రంగూనత్తతో, “అమ్మాయ్, లేచి వెళ్ళు. నేను నేర్పిందంతా మరిచిపో” అంది.

రంగూనత్త చీర కొంగు దోపుకుని వెళ్ళింది. వాళ్ళు బస్ అంటే చెయ్యి ఆగిపోయింది. రంగూన్‌లో నేర్చుకున్న హిందీలో ఏదో అడిగింది. ఆ ముసలావిడ పక్కన గొంతుక్కూర్చుని, ఈ ఆకు ఆవుకి పెడతాం, పాపం రాదు అని చెప్పిందట. ఇంకో ఆకు వేసి, గుప్పెడు అన్నం, మజ్జిగ, కాస్త ఉప్పు పెట్టింది. ఆవిడ అది తిని, రంగూనత్త చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. పీచు పనికి పుళ్ళుపడ్డ మచ్చలు ఇంకా ఆ చేతి మీద ఉన్నాయి.

బయలుదేరేటప్పుడు వాళ్ళ పెద్ద ఏదో చెప్పాడు. రంగూనత్త దాన్ని మాకు తెలుగులో చెప్పింది. “వెనకాల వీళ్ళ ఊరి బస్సులు ఇంకా వస్తున్నాయట అమ్మగారూ. వాళ్ళకీ ఇక్కడే భోజనమని చెబుతారట. అప్పటికి నేనుంటానా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?”

మా అమ్మమ్మ కంటే ముందు వంటాయనే, పప్పు గరిటె చేత్తో పట్టుకునే, “ఉంటాదని చెప్పండి, ఆయ్! నన్ను మాత్రం ఆళ్ళ వంక పంపకండి” అన్నాడు. మా అమ్మమ్మ నవ్వి, “విన్నావుగా, చెప్పు” అంది. నేను ఆ పలక పట్టుకుని వాళ్ళింటికి పరుగెత్తాను.

ఆ తరువాత మా వసారాలో రెండు పంక్తులు ఉండేవి. ఒకటి వంటాయనది. రెండోది రంగూనత్తది, ఊరుకాని ఊరి వాళ్ళకోసం. లాంచీ దగ్గరికి ఎదురెళ్ళి వాళ్ళని దింపుకోవడం, వాళ్ళకేం పడుతుందో ఏం పడదో అడగడం కూడా ఆవిడ పనే అయింది. కొన్నాళ్ళకి మా ఊళ్ళో చక్కెర జబ్బు వాళ్ళూ, అత్తవారింట మొహమాటానికి తిని విసిగిన అల్లుళ్ళూ “మమ్మల్ని రంగూన్ పంక్తిలో కూర్చోబెట్టండి” అనడం మొదలుపెట్టారు. ఆవిడ కూతురు కాకినాడ వెళ్ళింది నిజమే, కానీ కాలేజీలో చదువుకోవడానికి.

నేను ఆఫీసులో మనుషులకు పనులు అప్పగించే స్థానంలో చాలా ఏళ్ళు ఉన్నాను. ఎవరైనా పనికిరాడని ఫిర్యాదు వస్తే, ఆ మనిషికి ఏం చేతకాదో వివరంగా కనుక్కునేదాన్ని. ఆ చేతకానితనమే కావలసినవాళ్ళు ఎక్కడో ఎదురుచూస్తుంటారేమో అని. ప్రతిసారీ దొరికారని చెప్పను. దొరికినప్పుడల్లా మా అమ్మమ్మ పంక్తి చివర ఆకు ముందు కూర్చున్న రోజు గుర్తొచ్చేది.

కిందటి నెల రంగూనత్త కూతురి ఇంటికి భోజనానికి వెళ్ళాను. అదీ నాలాగే ముసలిదైంది. అన్నం పెడుతుంటే నా నోట అలవాటుగా “చాలు” అనే మాట రాబోయింది. చప్పున నోరు మూసుకున్నాను. అది తల్లికి తగ్గ కూతురు, చాలంటే ఆగిపోతుంది.

“ఇంకొంచెం పెట్టవే, ఆకలేస్తోంది” అన్నాను.