ఇంగ్లీషు మీడియం శరత్తు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. పైవాళ్లు ఏ పని చెప్పినా ముందు "ఆయ్, అలాగేనండి" అనేస్తే, ఆ పని ఎలా చెయ్యాలో తర్వాత దేవుడే చెబుతాడని. (ఆయన ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు. ఫోను చెప్పింది, అదీ సగమే.) బీఎడ్డు అయిపోయి, రాజమండ్రి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా అప్పుడే చేరాను. "దసరా దాకా చూస్తామమ్మా, నచ్చితే ఉంచుతాం" అన్నారు చేర్చుకునేటప్పుడు. మా అమ్మ ఆ మాటలో మొదటి సగం వదిలేసి, "మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది" అని వీధంతా చెప్పేసుకుంది. కాబట్టి నేను వాళ్లకి నచ్చితీరాలి. వేరే దారి లేదు.

మా కరస్పాండెంటు గారు మంచాయన. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోనులో వీడియోలు చూడటం ఒక్కటే ఆయనకున్న అలవాటు. ఆయన ఏ దేశం వీడియో చూస్తే ఆ పూట స్కూలు ఆ దేశంలోకి వెళ్లిపోయేది. జపాను చూసిన రోజు పిల్లలచేత క్లాసురూములు తుడిపించారు. (సాయంత్రం తల్లులొచ్చి గేటు దగ్గర కేకలేశాక మళ్లీ ఇండియాకి వచ్చేశాం.) అలాంటి ఒక పొద్దున నన్ను పిలిపించి ఫోను చూపించారు. ఏదో చలిదేశంలో ఒక ఇంటి మెట్ల మీద కుండీల నిండా ముద్దచామంతులు, పక్కన ఎర్రటి గుమ్మడికాయలు, కింద రంగురంగుల ఎండుటాకులు.

"మేడం, ఆటమ్ అంటే తెలుసా?"

"తెలుసండి. శరదృతువండి."

"అదే. విజయదశమికి అక్షరాభ్యాసాలకని కొత్త పేరెంట్స్ వస్తారు. గేటు దగ్గర ఆటమ్ కార్నర్ పెట్టేద్దాం. మొక్కలు మీ సబ్జెక్టేగా!"

నా సబ్జెక్టు భౌతికశాస్త్రం. ఆ ముక్క చెబుదామనే నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి "ఆయ్, అలాగేనండి" వచ్చేసింది.

స్టాఫ్ రూములో ఈ మాట విని మా తెలుగు మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. (ఆయన కళ్లజోడు తీశారంటే భాషకి ఏదో అన్యాయం జరిగిందని అర్థం.) "ఆకులు రాలేది శిశిరంలోనమ్మా. మన శరత్తులో రాలేది వెన్నెల" అన్నారు. ఎంత బాగా చెప్పారో అనుకుని ఆ మాట అలాగే తీసుకెళ్లి కరస్పాండెంటు గారికి అప్పజెప్పాను. ఆయన, "మాస్టారు చెప్పింది తెలుగు మీడియం శరత్తండి. మనది ఇంగ్లీషు మీడియం. ఆకులు రాలాల్సిందే" అన్నారు. ఆ మాట తెచ్చి మాస్టారికి చెబితే, ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టేసుకున్నారు.

స్కూలు వ్యానులో కడియం నర్సరీలకి వెళ్లాను. "ఆటమ్ మొక్కలున్నాయాండి?" అని అడిగితే, "ఆటో ఉందండి, మొక్కలు ఎక్కడికైనా పంపుతామండి" అన్నాడు నర్సరీ ఆయన. ఫోటో చూపిస్తే, "చామంతులని చెప్పరేంటండి బాబూ!" అని నవ్వాడు. చామంతులు, ముద్దబంతులు, కోడిజుట్టు పూలమొక్కలు, ఎర్రాకుల క్రోటన్లు వ్యానెక్కించుకుని, పిల్లలు కూర్చోవాల్సిన సీట్లలో వాటిని కూర్చోబెట్టుకుని, నేను మెట్టు మీద కూర్చుని వచ్చాను.

కుండీలు కొనడం ఎందుకని, స్కూలుకి రంగులు వేయించినప్పుడు మిగిలిన పెయింటు బకెట్లు ఇచ్చారు. వాటికి రంగులేసి, మట్టి పోసి, మొక్కలు నాటి, వెనక్కి జరిగి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. అడుగున చిల్లులు పెట్టాలన్న సంగతి మాత్రం తోచలేదు. ఆ రాత్రి మొదలుపెట్టిన వాన ఎప్పటికో గానీ వదల్లేదు. తెరిపిచ్చాక వెళ్లి చూద్దును కదా, బకెట్ల నిండా నీళ్లు, ఆ నీళ్లలో పీకల్దాకా మునిగిన చామంతులు. మా ఆయమ్మ చీపురు పట్టుకుని పక్కనే నిలబడి, "మొక్కలేశారా, చేపలేశారా మేడంగారూ?" అంది. వ్యాను డ్రైవరు అందుకుని, "భీమవరం వాళ్లెవరైనా చూశారంటే రొయ్యపిల్లల్ని వదిలేస్తారండి" అన్నాడు. ఇనపచువ్వ కాల్చి బకెట్లకి చిల్లులు పెట్టిందీ అతనే. ఒక్కో చిల్లుకీ ఒక్కో ధార ఎగిసి, అతని ఖాకీ చొక్కా అంతా బురదమయం అయింది. ఆ తర్వాత చాలారోజులు నన్ను చూస్తే చాలు, చొక్కా దులుపుకునేవాడు.

మొక్కలు ఎలాగో బతికాయి. ఇక ఆకుల సంగతి. స్కూలు వెనకాల ఉన్న బాదంచెట్టు కింద కాస్త ఎర్రబడ్డవీ పండినవీ ఏరి, గోనెసంచిలో తెచ్చి, కుండీల చుట్టూ అందంగా చల్లాను. గంట కొట్టేసరికి నేల అద్దంలా మెరుస్తోంది. ఆయమ్మ ఊడ్చేసింది. మళ్లీ చల్లాను. మళ్లీ ఊడ్చేసింది.

"ఆయమ్మా, వాటిని ఉంచాలి."

"చెత్తనాండి?"

"చెత్త కాదు, అలంకారం."

ఆమె నన్ను జాలిగా చూసి, "మా ఆడపడుచుకీ ఇలాగే ఉండేదండి. కోరుకొండ కొండెక్కి మొక్కుకుంటే తగ్గింది" అని చీపురు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

విజయదశమి రోజు పట్టుచీర కట్టుకుని తెల్లారకముందే వెళ్లాను. చామంతులు పసుపుపచ్చగా విరబూశాయి, బంతులు బంతుల్లాగే ఉన్నాయి. కుండీల మధ్య, ముందురోజు బజారులో కొన్న గుండ్రటి మంచి గుమ్మడికాయలు పేర్చి, ఆఖరి క్షణంలో ఆకులు చల్లి, చీపురు ఎక్కడా కనబడకుండా లాబ్‌లో పెట్టి తాళం వేశాను. కరస్పాండెంటు గారు వచ్చి చూసి, అన్నివైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నారు. నా ఉద్యోగం పర్మనెంటు అయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు కారులోంచి ఆయనగారి అమ్మ దిగారు. స్కూలంతా ఆవిడని మామ్మగారనే అంటాం. మామ్మగారు గుమ్మడికాయల వంక చూసి, నా వంక చూసి, "దిష్టి తియ్యడానికి తెచ్చావా అమ్మా? మా వాడికి ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది! బూడిద గుమ్మడికాయ దొరకలేదా? పోనీలే, ఇదీ గుమ్మడికాయే" అని, నేను 'ఆ' అనేలోపు ఒకదాని మీద కర్పూరం వెలిగించేశారు. మూడుసార్లు తిప్పి, గేటు ముందు ఠప్పున కొట్టారు. గింజలు ఎగిరొచ్చి నా పట్టుచీర మీద పడ్డాయి.

"అమ్మా, అది డెకరేషన్!" అని పరిగెత్తుకొచ్చారు కరస్పాండెంటు గారు.

"నీ మొహం. పక్కకి జరుగు" అన్నారు మామ్మగారు.

ఈలోగా పలకలు, బలపాలు పట్టుకుని వచ్చిన తల్లిదండ్రులు అది చూశారు. "మా వాడిక్కూడా తీయండి మామ్మగారూ, అన్నం తినడం లేదు" అందొకావిడ, పిల్లాణ్ణి ముందుకి తోసి. ఆవిడ వెనకాల ఇంకొకావిడ. చూస్తుండగానే గేటు బయట వరకూ వరస కట్టేశారు. మామ్మగారు తిప్పుతారు, డ్రైవరు కొడతాడు, పిల్లలు చప్పట్లు కొడతారు. అక్షరాలు దిద్దించడానికి వచ్చిన పంతులుగారు లోపల ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఎర్రటి గుజ్జులో నా బాదమాకులు ఎక్కడున్నాయో కూడా తెలియలేదు. "చీపురేదండీ?" అని ఆయమ్మ స్కూలంతా తిరుగుతోంది.

నేను కోడిజుట్టు పూల బకెట్టు వెనకాల నిలబడి, అమ్మకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఒక తాతగారు కరస్పాండెంటు గారి చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "ఫీజులు అన్ని స్కూళ్లూ తీసుకుంటాయండి. దిష్టి తీసే స్కూలు మాత్రం ఇదొక్కటే చూశాను. మా మనవరాల్ని ఇక్కడే చేరుస్తున్నాం" అన్నారు. కరస్పాండెంటు గారు కళ్లజోడు మీది గుమ్మడిగుజ్జు తుడుచుకుని, "పిల్లల క్షేమమే మా ధ్యేయమండి. ఈ ప్రోగ్రాం మా సైన్సు మేడం ప్లాన్ చేశారు" అని నన్ను చూపించారు. నేను నమస్కారం పెట్టాను. ఇంకేం చెయ్యను?

కొట్టగా కొట్టగా ఒక చిన్న గుమ్మడికాయ వ్యాను కిందికి దొర్లిపోయి బతికిపోయింది. మర్నాడు ఆయమ్మ దాన్ని బెల్లం వేసి పులుసు పెట్టి తెచ్చింది. స్టాఫ్ రూములో అందరం వేళ్లు నాక్కుంటూ తిన్నాం. తెలుగు మాస్టారు రెండోసారి వడ్డించుకుంటూ, "శరత్తు రుచిగానే ఉందమ్మా" అన్నారు.

ఇప్పుడు నా కిందే కొందరు కొత్త టీచర్లు పని చేస్తారు. నేనేదైనా చెబితే, "ఎందుకండి మేడం?" అని సూటిగా అడుగుతారు. అడగడమే మంచిది, నేనే నేర్పాను. అయినా ఒక్కోసారి వానాకాలం వెళ్లి చామంతులు మొగ్గతొడిగే రోజుల్లో, చీరకంటిన గుమ్మడిగింజలు ఏరుకుంటూ, ఎందుకో తెలియకుండానే అందరికీ నమస్కారాలు పెడుతున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, కాస్త కాఫీ ఇవ్వాలనిపిస్తుంది.