వాచిన అక్షరాలు

ఫ్లెక్సీలు వచ్చాక, బోర్డులు రాసే మామగారికి పని పోయింది. పని పోయిందని ఆయన ఒప్పుకోలేదు. ఊళ్లోవాళ్ల కళ్లు పోయాయని అన్నారు. ఆ మాటే అంటూ కొన్నేళ్లుగా కుర్చీకి అతుక్కుపోయారు.

ఇంట్లోనే వెబ్‌సైట్లు చేసే కోడలికి ఆయన్నలా చూడటం కష్టంగా ఉండేది. ఒకరోజు కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టింది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కుంచెతో రాసిస్తే వాటితో ఫాంటు చేసి, వీధి చివరి టైలరు వెబ్‌సైటులో పెడతానంది. ఆయన ముఖం చిట్లించారు గానీ, మర్నాడే గడ్డం గీసుకుని బల్ల ముందు కూర్చున్నారు. ఒత్తులు రాస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు.

ఫాంటు తయారైంది. కోడలు దాన్ని తన కంప్యూటరులో వేసుకుని, ఉన్న బ్రౌజర్లన్నింటిలోనూ సైటు తెరిచి చూపించింది. అన్నింట్లోనూ మామగారి అక్షరాలే. ఆయన చెప్పులేసుకుని ఊరంతా చాటడానికి బయల్దేరారు.

టైలరు ఫోనులో చూస్తే మామూలు కంప్యూటరు అక్షరాలున్నాయి. మంగలి ఫోనులోనూ అంతే. ఆయన ఇంటికొచ్చి కుంచెలు కడిగి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు.

"ముసలాడు సంతోషిస్తాడని ఏదో చూపించావు. పర్లేదులే అమ్మా."

"అయ్యో మామయ్యా, నాకు బాగానే కనిపిస్తోంది!"

"నీకు కనిపిస్తుందిలే."

కోడలికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తప్పు వెతికింది. ఫాంటు ఫైలును సైటులో పెట్టడం మర్చిపోయింది. తన కంప్యూటరులో ఎలాగూ ఉంది కాబట్టి ఆ లోటు తనకొక్కదానికే తెలియలేదు. మనసు రాయి చేసుకుని, మామగారి అక్షరాలను తన కంప్యూటరులోంచి తీసేసింది. ఊరంతా చూస్తున్నదేమిటో అప్పుడు తనకూ కనిపించింది. ఫైలును సైటులోకి ఎక్కించాక, ఆయన అక్షరాలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి.

టైలరుకు మాత్రం కొట్టు పేరు ఇంకా లావుగా కావాలట. కోడలు లావు చేసింది. లావు అక్షరాలు ఎవరూ రాసివ్వలేదు కాబట్టి, ఒక్కో బ్రౌజరు తనకు తోచినట్టు లావు చేసుకుంది. ఒకదాంట్లో ఫర్వాలేదు. ఇంకోదాంట్లో సున్నాలు పూడుకుపోయాయి.

ఈసారి ఆమె ఆ రెండు బ్రౌజర్లూ పక్కపక్కనే తెరిచి మామగారిని పిలిచింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని వంగి చూశారు.

"ఇవి లావెక్కలేదమ్మా, వాచాయి. ఎవడు చేశాడీ పని?"

"బ్రౌజరు, మామయ్యా."

"వాడికి కుంచె పట్టడం ఎవరు నేర్పారు?"

"లావువి కూడా మీరే రాసిస్తే, అన్నింట్లోనూ మీవే వస్తాయి."

"మొత్తం మళ్లీ రాయాలా?"

"మొత్తం. ఒత్తులతో సహా."

"నా ఖర్మ," అన్నారాయన. ఆ మాటంటూనే స్టూలు ఈడ్చుకెళ్లి అటక కింద వేసి, పైకెక్కారు. "గట్టిగా పట్టుకో. తుమ్మొద్దని అందరికీ చెప్పు."

పైన గుడ్డ మూట కదిలింది. దుమ్మంతా కోడలి ముఖం మీద పడింది. ఆమె రెండు చేతులా స్టూలు పట్టుకుని, వస్తున్న తుమ్మును ఆపుకుంది.