నా ఊపిరికి వెలిగిన ఎర్రదీపం

ఒక్కసారి ఊపిరి వదిలి చిప్పుల ఫ్యాక్టరీ మొత్తాన్ని ఆపేసినవాణ్ణి నేను. నమ్మరా? సరే, అది ఫ్యాక్టరీ కాదు. అరకులో మా మనవరాలు దేవి సెల్‌ఫోన్ చిప్పుల తయారీ నేర్చుకున్న శిక్షణ గది. ఆఖరి పరీక్షకి ఇంటివాళ్లనీ రమ్మంటే మా ఊరు టైడా నుంచి రైల్లో వెళ్లాను. అది పాసైతేనే పిల్లకి ఉద్యోగం.

"తాతా, లోపల ధూళి కణం కూడా ఉండకూడదు. ఈపూట సుట్ట ముట్టకు," అని దేవి ముందే చెప్పింది. నేను కాల్చేది అడ్డపొగ. చుట్ట నిప్పు కొస నోటి లోపలే ఉంటుంది కదా, బయటికి ధూళి ఎలా వస్తుందనుకున్నాను. గేటు దగ్గర ఒకటి కాల్చి, నోరు పుక్కిలించి వెళ్లాను. తెల్ల గౌను, టోపీ, మాస్కు తొడిగారు.

దేవి పని మొదలెట్టిందో లేదో, ధూళిని పసిగట్టే ఎర్రదీపం వెలిగి కుయ్యిమంది. పరీక్ష పెడుతున్న మేష్టారు ఆపేశారు. పిల్ల ఉద్యోగం నా నోట్లోనే బూడిదైపోయిందనుకున్నాను. దేవి ధూళి కొలిచే మీటరు పట్టుకుని గదంతా తిరిగి, నా మాస్కు ముందు ఆగింది.

"ఏటి సేసినావు తాతా?"

"అడ్డపొగే గుంటా..."

"ఆ పొగ నీ ఊపిరిలో ఇంకా వస్తంది. బేగి బయటికి నడు!"

ఇప్పుడు దేవి ఉద్యోగంలో ఉంది. ధూళి ఎక్కడిదో పట్టుకునే అవకాశం నేనిచ్చాను కాబట్టే పాసైందని ఊళ్లో చెప్పుకుంటున్నాను. ఇది పోస్టు చేసేముందు దేవి చదివింది.

"నీవల్ల ఏటీ కాలేదు తాతా. ఆ రోజు పరీక్ష లెక్కలోకే తీసుకోలేదు. మర్నాడు నువ్వు లేకుండా మళ్లీ పెట్టారు. అది కూడా రాయి."