దాచేపల్లిలో ఒక పూట వేషం

ఎనభైల నడిమి సంగతి. దాచేపల్లి నుంచి నాకొక కార్డు వచ్చింది. "ఒరే సుందరం, సోమారం పొద్దున్నే రా. నాతో ఒక పూట వేషం వెయ్యాల. గడ్డం గీసుకోమాక." రాసింది మస్తాన్. మారు మాట్లాడకుండా మిల్లుకు సెలవు పెట్టేశాను. ఎందుకు పెట్టానో తెలియాలంటే మా పిచ్చి గురించి కొంచెం చెప్పాలి.

నేను నరసరావుపేటలో పత్తి మిల్లు గుమాస్తాను. మస్తాన్ మా మిల్లు ఎదుట సైకిల్ షాపులో పనిచేసేవాడు. ఇద్దరికీ నాటకాల యావ, ఇద్దరినీ ఏ సమాజమూ చేర్చుకోలేదు. నాకు పద్యం రాదు, వాడికి రాసిచ్చిన మాట నోట నిలవదు. అందుకని ఆదివారాలు చిలకలూరిపేట బస్సెక్కేవాళ్ళం. ముక్కూమొహం తెలియనివాళ్ళలా విడివిడిగా కూర్చున్నాక నేను మొదలుపెట్టేవాణ్ణి. "మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో సన్నాయి వాయించింది మీరే కదండీ?" వాడు వెంటనే, "నేనేనండీ, పెళ్ళికొడుకు పారిపోయిన పెళ్ళేగా" అనేవాడు. ఎదుటివాడు ఏం చెప్పినా కాదనకూడదు, తలూపి అందుకోవాలి. మాకున్న నియమం అదొక్కటే. కాసేపటికి పక్క సీటు ముసలమ్మ కూడా ఆ పెళ్ళికొడుకును తిట్టడం మొదలుపెట్టేది. వారమంతా చచ్చినట్టు బతికి, ఆ గంటసేపే ఊపిరి పీల్చుకునేవాళ్ళం. తర్వాత వాడు నూర్జహాన్‌ను పెళ్ళిచేసుకుని పిడుగురాళ్ల కంకర క్రషర్‌లో పనికి వెళ్ళిపోయాడు. మూడేళ్ళు మనిషి కనపడలేదు.

సోమవారం ఆరింటి బస్సెక్కితే ఏడున్నరకు పిడుగురాళ్లలో దిగాను. టికెట్టు ఐదు రూపాయల లోపే ఉండేది అప్పట్లో. సున్నపు బట్టీల పొగ, రోడ్డు పక్క చెట్ల మీద తెల్లటి దుమ్ము, కూలీల కనురెప్పల మీద కూడా అదే దుమ్ము. స్టాండులో నాలుగు ఇడ్లీలు తిని దాచేపల్లి బస్సెక్కి కూర్చుంటే అది కదలదే. ఎప్పుడు వెళ్తుందని అడిగితే డ్రైవరు వెనక్కి తిరిగి, "లారీలు దారిస్తే ఎల్తది, ఇయ్యకపోతే ఈడే ఉంటది. నీకేంది తొందర, పెళ్ళిచూపులా?" అన్నాడు. ఇరవై కిలోమీటర్లకు గంట పైనే పట్టింది.

దాచేపల్లిలో బస్సు దిగేసరికి మస్తాన్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. నేను నోరు తెరవకముందే మొదలుపెట్టాడు. "రావయ్యా బాషా! నువ్వు నా బావమరిదివి, మీ అక్క నిన్ను నాకు తోడు పంపింది, పద టీ తాగుదాం." కొట్లో కూడా అదే వరస. మాట మీద మాట, సందు ఇవ్వడు. నాకు ఒళ్ళు మండింది. పాత మస్తాన్ ఎప్పుడూ నన్నే ముందు మాట్లాడనిచ్చేవాడు. వినడంలో వాడంతటివాడు లేడు. టీ తాగుతూనే, "నన్ను కూడా కాస్త మాట్లాడనిస్తావా?" అని కసిరాను. వాడు నెమ్మదిగా నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

"గ్లాసు దించి మాట్లాడరా. నీ నోరు నాకు కనపడాల."

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. క్రషర్ మోత వాడి రెండు చెవులూ తినేసింది. సంగతి తెలిసి మేస్త్రీ పనిలోంచి తీసేశాడు. తర్వాత సున్నపు బట్టీలో చేరితే, వెనక్కి వస్తున్న లారీ కింద పడబోయాడు. వాళ్ళూ వద్దన్నాక మొగుడూ పెళ్ళాం దాచేపల్లికి మారారు. నూర్జహాన్‌కు ఐదో నెల, ఇంకా రాళ్ళు మోస్తోంది. "ఇయ్యాల సిమెంటు ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటన్నారు. పాకింగ్‌లో చెవులతో పనేంది? చేతులుంటే చాలు. కానీ ఆ ఆఫీసరు తలొంచుకుని కాయితాలు చూస్తా అడుగుతాడంట. నోరు కనపడదు. నువ్వు ఆయన పక్కన నిలబడి సైగ చెయ్యి. ఇది పోతే ఇంక నన్ను పెట్టుకునేవాడు లేడు" అన్నాడు.

ముక్కు మీద వేలు పెడితే పేరు. మెడ తడుముకుంటే ఊరు. జేబు మీద చెయ్యి వేస్తే ఇదివరకు చేసిన పని. తల ఊపితే సరే అనాలి. అరగంటలో నేర్చేసుకున్నాం. నిజం ఒప్పుకుంటాను, నాకు హుషారుగానే ఉంది.

పదకొండింటికి లోపలికి పిలిచారు. బావమరిదినని చెప్పి నేనూ వెంట వెళ్ళి, ఆఫీసరు కుర్చీ పక్కన నిలబడ్డాను. ఆఫీసరు అనుకున్నట్టే తలెత్తలేదు. పేరు, ఊరు, పని, అన్నీ తడుముకోకుండా చెప్పాడు మస్తాన్. పైగా తన పెళ్ళి ముచ్చట కూడా చెప్పి ఆయన్ను నవ్వించాడు. అప్పుడాయన రిజిస్టరు మూసి మరొకటి తీస్తూ అన్నాడు. "పాకింగ్ నిండిపోయింది. క్వారీలో ఒక మనిషి కావాలి. రాయి పేల్చేముందు లోపల విజిల్ వేస్తారు. అది వినగానే దారికి అడ్డంగా ఎర్రజెండా పట్టుకుని అటూఇటూ వెళ్ళే జనాన్ని ఆపాలి. చేస్తావా?"

నా తల ఊగింది. ఆలోచించి ఊపలేదు. ఎన్నో ఆదివారాల అలవాటు ఊపింది. మస్తాన్ నన్ను చూసి, "చెయ్యకపోతే ఎట్టాగండీ! ఆ పని కోసమేనండీ నేను పుట్టింది" అన్నాడు. రేపు ఏడింటికి రమ్మని చెప్పి ఆఫీసరు వాడి పేరు రాసేసుకున్నాడు.

గేటు బయట వాడి మొహం వెలిగిపోతోంది. "ఏం పనిరా?" అని అడిగాడు. ఎదురుగా నిలబడి ఒక్కొక్క మాటే చెప్పాను. "జనం ఆగిపోతుంటే చూసి తెలుసుకుంటాలే" అన్నాడు.

"ఆగమని జనానికి చెప్పాల్సింది నువ్వేరా."

వాడు నా నోటి వైపు చూడలేదు, ఇంకేదో చెబుతూనే ఉన్నాడు. అప్పుడే క్వారీ వైపు నుంచి విజిల్ మోగింది. చెవులు చిల్లులు పడేంత విజిల్. దారిలో అన్నం క్యారియర్లతో వెళ్తున్న ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మస్తాన్ మాట మాత్రం ఆగలేదు, నూర్జహాన్‌కు ఈ సాయంత్రమే చెప్పి రాళ్ళ పని మాన్పిస్తానంటున్నాడు. కాళ్ళ కింద నేల అదిరాక, "పేల్చారా?" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి ఆఫీసులోకి నడిచాను. వాడికి అర్థమైంది. చొక్కా పట్టుకుని లాగాడు, "ఒరేయ్, వద్దురా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు. విడిపించుకుని వెళ్ళి, వాడికి చెవులు వినపడవని చెప్పేశాను. ఆఫీసరు కోప్పడలేదు. పేరు కొట్టేసి, మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. "పొద్దున్నే ఈ ముక్క చెబితే గోనెసంచులు కుట్టే చోట పెట్టేవాణ్ణి కదయ్యా. అబద్ధంతో వచ్చినవాణ్ణి ఇప్పుడెట్లా పెట్టుకోమంటావు?" అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. ఆ మాట బయటికొచ్చి మస్తాన్‌కు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, తెలియదు.

బస్ స్టాండ్‌లో బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. వాడి ముందుకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, క్షమించరా అన్నాను. వాడు నన్ను తిట్టలేదు. నా పెదవులను కాసేపు చూసి కళ్ళు మూసుకున్నాడు. ఇక నా మాట వాడికి చేరే దారి లేదు. మూడింటి బస్సు వచ్చేదాకా వాడు కళ్ళు తెరవలేదు.

తర్వాత రెండు కార్డులు రాశాను, జవాబు రాలేదు. మరుసటేడు దాచేపల్లి వెళ్తే, వాడు కార్డులో రాసిన చిరునామా ఇంట్లో వేరేవాళ్ళున్నారు. ఆఫీసులో చెప్పినందుకు నాకు పశ్చాత్తాపం లేదు, మళ్ళీ అయినా చెబుతాను. నన్ను తినేసేది టీ కొట్లో గడిచిన ఆ అరగంట. అక్కడే "నిజం చెబుదాం పదరా" అని ఉంటే వాడికి పని దొరికేది. కానీ మూడేళ్ళ తర్వాత ఆట దొరికిందన్న సంబరంలో ఉన్నాను నేను. నాకది సాహసం, వాడికది బతుకు. నరసరావుపేట నుంచి ఆ దారిన వెళ్ళేవాళ్ళు పొద్దున బస్సే పట్టుకోండి, ఎండ ముదిరితే దుమ్ముకు తట్టుకోలేరు. ఇంకొక్క మాట. క్రషర్ల దగ్గర ఎవరినైనా దారి అడగాలంటే వెనక నుంచి పిలవకండి. ముందుకు వెళ్ళి, మీ నోరు కనపడేలా నిలబడి అడగండి.