పందొమ్మిదో మిషన్ అడిగిన మాట

దయ్యాల కథలు వింటే నాకు భయం కాదు, విసుగు పుడుతుంది. చెప్పేవాడు తను చేసిన తప్పును గాలీధూళీ మీదికి తోస్తున్నాడని నా అనుమానం. కంప్యూటర్ల పనిలో ఉన్నవాణ్ణి. చెడిపోయిన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని నమ్ముతాను. అందుకే ఇది చెప్పాలంటే నా మీద నాకే కోపం వస్తుంది.

రెండు వేల ఆరో, ఏడో. మైదుకూరు దాటాక ఒక ఇంజనీరింగు కాలేజీలో ల్యాబు చూసుకునేవాణ్ణి. ముప్పై మిషన్లు, అన్నింట్లోనూ విండోస్ బదులు లినక్స్. దాన్ని ఎక్కించింది నాకంటే ముందు పనిచేసిన ఓబులేసు సార్. నేను చేరడానికి ముందే గుండెపోటుతో పోయాడు.

మిషన్ ఆన్ కాగానే ఏ సిస్టమ్ మొదలుపెట్టాలో చెప్పే చిన్న ఫైలు ఒకటుంటుంది. పిల్లలు కెలుకుతారని ఓబులేసు సార్ దాన్ని ప్రతి మిషన్‌లోనూ తన సొంత ఫోల్డరులో దాచి, అసలు చోట ఒక లింకు పెట్టాడు. లింకంటే, మూసిన షట్టరు మీద 'దుకాణం పక్క సందులోకి మారింది' అని అంటించిన కాగితం లాంటిది. పైగా ఆ ఫైలు తెర మీద చూపించే మెనూలో లినక్స్ అని ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో 'బువ్వ తిన్యావాప్పా' అని రాశాడు. పొద్దున్నే ఖాళీ కడుపుతో బస్సు దిగే పిల్లల్ని ఆయన రోజూ అడిగే మాట అదేనట.

పాత ఖాతాలు తీసేయమన్నారని, ఇవేవీ చూడకుండానే ఒక సాయంత్రం అన్ని మిషన్లలోనూ ఆయన ఖాతాను ఫోల్డరుతో సహా తుడిచేశాను. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే.

మర్నాడు పదింటికి ల్యాబు పరీక్ష. ఏడింటికి వచ్చి ఆన్ చేస్తే ముప్పైకి ముప్పై నల్ల తెరలు. కాగితం ఉంది, దుకాణం లేదు. ఒక్కోదాన్నీ చేత్తో ఆదేశాలు కొట్టి లేపాలి, తెగిన లింకు తీసేయాలి, అక్కడ కొత్త ఫైలు రాయాలి. మధ్యలో కరెంటు రెండుసార్లు పోయింది. అది చాలదన్నట్టు ప్రిన్సిపాల్ వచ్చి తల తిన్నాడు.

"ఏమప్పా, ఇంగా ఎంతసేపు? ఓబులేసు ఆయుధపూజకు మిషన్లకు గుమ్మడికాయ కొట్టేటోడు. నువ్వు కొట్నావా?"

కొడితే ఆయన నెత్తినే కొట్టాలనిపించింది.

ఇరవై తొమ్మిది లేచాయి. పందొమ్మిదోది లేవలేదు. ఎన్నిసార్లు టైపు చేసినా ఫైలు దొరకలేదనే అంది. పదికి పది నిమిషాలుండగా ఒళ్లు మండి ప్లగ్గు పీకేశాను.

ఆ సీటు నస్రీన్ అనే అమ్మాయిది. కోయిలకుంట్ల నుంచి వచ్చేది. ఈ పరీక్ష రాయడం మూడోసారి. ఇది తప్పితే కర్నూలులో వచ్చిన ఉద్యోగం పోతుంది. వేరే మిషన్ లేదు. తప్పు నాది, శిక్ష ఆ పిల్లకు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే ఆమె ప్లగ్గు పెట్టి బటన్ నొక్కింది.

"లేసింది సార్. బువ్వ తిన్యావా అని అడుగుతాండాది," అని నవ్వింది. ఆమెకు అది పాత అలవాటే.

నేను వంగి చూస్తే తెర మీద ఓబులేసు సార్ మాటే ఉంది. ఆమె పరీక్ష రాసింది, పాసైంది కూడా.

అందరూ వెళ్లాక ఆ మిషన్ ముందు కూర్చున్నాను. లింకు ఓబులేసు సార్ ఫోల్డరుకే పోతోంది. ఫోల్డరు ఉంది, ఫైలూ ఉంది. ఖాతా తీసేసిన మనిషి ఫైలు పక్కన సొంతదారుగా పేరు రాకూడదు, ఒక నంబరు రావాలి. అక్కడ ఆయన పేరు ఉంది. ఖాతాల జాబితా రెండుసార్లు వెతికాను. అందులో ఆ పేరు లేదు.

"తుడిచేది మర్సిపోయింటావులే," అన్నాడు ప్రిన్సిపాల్. సరే, మర్చిపోయాననే అనుకుందాం. మరి పొద్దుటి నుంచీ నాకు నల్ల తెర చూపించిందెవరు? వచ్చి బాగుచేసేవాడు ముప్పై మిషన్లూ బాగుచేసిపోవచ్చు కదా అని ఇప్పటికీ కోపమొస్తుంది.

అప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దుటి నుంచి నేను ఏమీ తినలేదని ఆ తెర ముందు కూర్చున్నాకే గుర్తొచ్చింది.

పద్ధతి ప్రకారం ఆ లింకునూ సరిచేయాలి. అక్కడ పనిచేసిన మూడేళ్లలో దాన్ని ముట్టుకోలేదు.